రక్తఫలకికల లేమి: దాచదగిన వ్యాధియేనా?

మన సంఘంలో కొన్ని వ్యాధులకు పరామర్శ దొరుకుతుంది, కొన్నింటికి దొరకదు. జ్వరం వచ్చిందంటే పొరుగింటివారు గంజి కాచి తెస్తారు. కాలు విరిగిందంటే బంధువులు బత్తాయిలు పట్టుకొని వస్తారు. కాని ఆడపిల్ల ఒంటి మీద దెబ్బ తగలకుండానే నల్లని మచ్చలు లేస్తున్నవని, పళ్ళు తోముకుంటే నెత్తురు ఆగడం లేదని తెలిసిన ఇంట్లో తలుపులు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మొదలవుతుంది. మూడున్నరేళ్ళుగా నేను అట్టి తగ్గించిన గొంతుల మధ్యనే వున్నాను. నాకు కలిగిన వ్యాధి కంటె, దానిని దాచడం వల్ల కలిగిన ప్రమాదమే పెద్దదని నా అనుభవం. సహవిద్యార్థినీ విద్యార్థులకు, కళాశాల సంఘం పెద్దలకు ఈ విషయం విన్నవించుకొనే అవకాశం ఈ వార్షిక సంచిక వల్ల కలిగింది.

జీవశాస్త్రం చదివేవారికి తెలిసినదే అయినా, తక్కిన వారి కోసం కొంచెం చెప్పవలసి వున్నది. మన రక్తంలో ఎర్రకణాలు, తెల్లకణాలతో పాటు రక్తఫలకికలు అనే అతి సూక్ష్మమైన తునకలు వుంటాయి. వాడుకలో వీటినే ప్లేట్‌లెట్లు అంటున్నాము. ఎముకల మూలుగలోని పెద్ద కణాల నుండి ఇవి విడివడి, 7 నుండి 10 దినాలు రక్తంలో తిరిగి నశిస్తాయి. ఆరోగ్యవంతుని రక్తం ఒక్క మైక్రోలీటరులో ఇవి లక్షన్నర నుండి నాలుగున్నర లక్షల దాకా వుంటాయి. రక్తనాళం ఎక్కడైనా చిట్లితే మొట్టమొదట అక్కడకు చేరి, ఒకదానినొకటి అంటిపెట్టుకొని అడ్డుకట్ట కట్టేవి ఇవే. ఐ.టి.పి. అనే వ్యాధిలో, సూక్ష్మజీవులతో పోరాడవలసిన ప్రతిరక్షకాలు పొరబడి సొంత ఫలకికలకే అంటుకుంటాయి. అలా గుర్తుపడిన ఫలకికలను ప్లీహం ఏరి నాశనం చేస్తుంది. మూలుగలో కొత్తవి తయారు కావడం కూడ మందగిస్తుంది. లెక్క లక్షకు లోపల పడిపోయి, దానికి మరే కారణమూ కనబడనప్పుడు వైద్యులు ఈ పేరు పెడతారు. ఇది కాన్సరు కాదు. అంటువ్యాధి కాదు. సాధారణంగా తల్లిదండ్రుల నుండి బిడ్డలకు సంక్రమించేది కూడ కాదు. ఈ మూడు మాటలు మా బంధువులకు ఎన్నిసార్లు చెప్పి వుంటానో లెక్క లేదు.

ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరంలో, వానాకాలంలో, ఒకనాడు వుజూ చేసుకుంటూ మోకాళ్ళ క్రింద సూదిమొనలంత ఎర్రని చుక్కలు వందలాదిగా వుండటం చూచాను. నొప్పి లేదు, దురద లేదు. నానీ చూచి, “ఒంటికి వేడి చేసింది తల్లీ, సబ్జా నీళ్ళు త్రాగు” అన్నది. నాలుగు దినాలు త్రాగాను. అయిదవ నాటి ఉదయం దిండు మీద నెత్తురు, చిగుళ్ళ వెంట నెత్తురు. వీధి చివరి వైద్యుని వద్దకు వెళితే ఆయన తుంటికి ఒక ఇంజక్షన్ చేశారు. సాయంత్రానికి ఆ చోటు అరచేతి వెడల్పున కమిలి నల్లబడింది. ఫలకికలు తక్కువగా వున్నవారికి కండరంలోకి ఇంజక్షన్ చేయరాదని అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. మరునాడు రక్తం పరీక్షిస్తే ఫలకికలు 9 వేలు.

అది డెంగీ జ్వరాల కాలం. కావున ఆసుపత్రి వారికి కూడ మొదట తోచినది డెంగీయే. జ్వరం లేదు గదా అని మా అబ్బా అడిగితే, “ముందు లెక్క పెరగనివ్వండి” అన్నారు. దాతల నుండి సేకరించిన ప్లేట్‌లెట్లు మూడుసార్లు ఎక్కించారు. సాయంత్రం 25 వేలు, తెల్లవారితే మళ్ళీ 8 వేలు. పిమ్మట హైదరాబాదులో చూచిన రక్తవ్యాధుల నిపుణురాలు దీనిని విడమరచి చెప్పారు: నా ప్రతిరక్షకాలు నా ఫలకికలను విడిచిపెట్టనప్పుడు దాతవి మాత్రం ఎందుకు విడిచిపెడతాయి? ప్రాణాపాయమైన రక్తస్రావం జరుగుతున్నప్పుడు తప్ప ఈ వ్యాధిలో అవి ఎక్కించడం వల్ల నిలకడైన లాభం లేదు. మా అబ్బా ఆ మూడు దినాలకు చేసిన అప్పు తీర్చడానికి ఏడాది పట్టింది.

ఈ వ్యాధి చరిత్ర చదివినప్పుడు నాకు కొంత ధైర్యం కలిగింది. 1735లో దీనిని స్పష్టంగా వర్ణించినవాడు వెర్ల్‌హాఫ్ అనే జర్మను వైద్యుడు. ఆయన కవి కూడ. ఆయన వర్ణించిన రోగి ఒక యువతి. బహిష్టు కాలం దగ్గర పడుతుండగా ముక్కు వెంట నెత్తురు కారిన ఆమె కథ చదువుతుంటే ఎవరో నా గురించే వ్రాసి పెట్టినట్టున్నది. రక్తఫలకికలనేవి వున్నాయని ఆనాటికి ఎవరికీ తెలియదు. 1916లో ప్రాగ్ నగరంలో కజ్నెల్సన్ అనే వైద్య విద్యార్థి, ఫలకికలు నశిస్తున్నది ప్లీహంలోనే అని వాదించి, తన ఆచార్యుని ఒప్పించి ఒక రోగికి ప్లీహం తీయించాడు. రోగికి గుణం కనిపించింది. మనవంటి విద్యార్థి ఒకడు! 1950లో అమెరికాలో హారింగ్టన్ అనే యువ వైద్యుడు ఇంకొక అడుగు వేశాడు. లోపం రోగి రక్తంలోనే వున్నదని తేల్చడానికి, అట్టి రోగి రక్తాన్ని తన శరీరంలోకి ఎక్కించుకొన్నాడు. కొన్ని గంటలలోనే అతని ఫలకికలు ప్రమాదస్థాయికి పడిపోయాయి. మళ్ళీ కోలుకోవడానికి సుమారు అయిదు దినాలు పట్టింది. ఈ పని సాహసమా, అవివేకమా అని మా తరగతిలో చర్చ జరిగింది. నేను ఏ పక్షమో చెప్పనక్కర లేదనుకుంటాను. పూర్వం ఈ వ్యాధి పేరులోని మొదటి అక్షరానికి “కారణం తెలియనిది” అని అర్థం. 2009లో నిపుణులు దానిని మార్చి, వ్యాధినిరోధక వ్యవస్థ వల్ల కలిగేది అనే అర్థం వచ్చేటట్లు పేరు సవరించారు. కారణం తెలియని వ్యాధిని జనం పాపఫలమనో దిష్టి అనో అంటారు. అందుచేత ఈ పేరు మార్పు నాకు చిన్న విషయంగా తోచదు.

చికిత్స గురించి మాట్లాడేటప్పుడు అందరూ మందుల పేర్లు అడుగుతారు. మందులతో బ్రతకడం ఎట్లాగో అడగరు. మొదట నాకు ప్రెడ్నిసొలోన్ ఇచ్చారు. రెండు వారాలలో లెక్క 80 వేలు దాటింది, ఇంట్లో మిఠాయి పంచారు. కాని ముఖం చంద్రబింబంలా ఉబ్బింది. రాత్రి నిద్ర లేదు. అర్ధరాత్రి లేచి చల్లన్నం తినేటంత ఆకలి. “కాలేజీలో చేరి బాగా లావెక్కావే” అన్నవారికి నవ్వుతూ తల ఊపేదాన్ని. ఒకసారి పరీక్షల ముందు విసిగి మాత్రలు మానివేశాను. అంతకంటె పెద్ద తప్పు లేదు. ఈ మందును వైద్యుడు చెప్పిన ప్రకారం మెల్లమెల్లగా తగ్గించవలెనే గాని ఒక్కసారిగా ఆపరాదు. ఆపితే శరీరం స్వయంగా తయారుచేసుకోవలసిన స్టిరాయిడు అందక కుప్పకూలవచ్చును. మాత్రలు తగ్గిన కొద్దీ నా లెక్కా తగ్గింది. చిన్నపిల్లలలో చాలామందికి ఈ వ్యాధి కొన్ని నెలలలో తనంతట తానే పోతుంది. పెద్దవారిలో తరచు నిలిచిపోతుంది. నాది నిలిచిపోయింది. ఇప్పుడు ఎల్ట్రాంబోపాగ్ అనే మాత్ర వాడుతున్నాను. 2008లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు, కొత్త ఫలకికలు తయారు చేయమని మూలుగను ప్రేరేపిస్తుంది. దీనికి ఒక నియమం వున్నది: పాలు, పెరుగు వంటివి తిన్న నాలుగు గంటల తరువాత గాని, తినడానికి రెండు గంటల ముందు గాని వేసుకోవలెను. లేనిచో మందు ఒంటికి పట్టదు. టీ లేనిదే తెల్లవారని ఇంట్లో ఈ నియమం పాటించడం ఎంత కష్టమో ఊహించుకోండి. ప్లీహం తీసివేసే మార్గం కూడ వున్నది. మూడింట రెండు వంతుల మందికి దానివల్ల గుణం కలుగుతుంది. అయితే చాలామంది వైద్యులు కనీసం ఒక సంవత్సరం వేచి చూడమంటారు. శస్త్రచికిత్సకు ముందు కొన్ని టీకాలు తప్పనిసరి అంటారు. నేను ఇంకా వేచి చూస్తున్నాను.

లెక్కను గురించి ఒక మాట. ఈ రోగులకు, వారి తల్లిదండ్రులకు అంకె ఒక దేవతగా మారుతుంది. మొదటి సంవత్సరం నేను ప్రతి సోమవారం పరీక్ష చేయించుకొని, 31 వేలంటే పండుగ, 27 వేలంటే ఏడుపు. మా డాక్టరుగారు ఒకనాడు మందలించారు: “అమ్మా, నేను వైద్యం చేసేది నీకు, ఆ కాగితానికి కాదు.” 30 వేలకు పైన వుండి, నెత్తురు కారడం లేకపోతే పెద్దవారిలో సాధారణంగా మందు లేకుండానే గమనిస్తూ వుంటారు. పైగా అంకె అబద్ధం చెప్పడం కూడ కద్దు. రక్తం గడ్డకట్టకుండా గొట్టంలో వేసే ఒక రసాయనం వల్ల కొందరి ఫలకికలు గుంపులు కడతాయి. యంత్రం గుంపును ఒక్కటిగా లెక్కించి భయపెడుతుంది. సూక్ష్మదర్శిని క్రింద ఒక చుక్క రక్తం పరచి చూస్తే నిజం తెలుస్తుంది. కాబట్టి అంకెతో పాటు చూడవలసినవి వేరే వున్నాయి: నోటిలో నెత్తుటి బొబ్బలు, ఆగని ముక్కు నెత్తురు, నల్లని మలం, గంటకొక గుడ్డ మార్చవలసిన బహిష్టు. అన్నిటి కంటె ముఖ్యం, ఎన్నడూ ఎరుగని తీవ్రమైన తలనొప్పి, దానితో వాంతి, చూపు మసకబారడం. ఇది మెదడులో రక్తస్రావానికి గుర్తు కావచ్చును. ఇటువంటిది అరుదే. కాని అట్టి వేళ తెల్లవారనివ్వండి అనరాదు.

ఇక దాచడం గురించి. వ్యాధి బయటపడిన నాటి నుండి మా అమ్మ మాట ఒక్కటే: “ఎవరికీ చెప్పకు, రేపు సంబంధాలు రావు.” అమ్మ ప్రేమను నేను శంకించను. వేసవిలో కూడ పొడుగు చేతుల కుర్తా తొడుక్కొన్నాను. వసతిగృహంలో చేరినప్పుడు ఆరోగ్య విషయాల గడిలో “ఏమీ లేదు” అని వ్రాశాను. ఒకనాడు చేతి మీది మచ్చలు చూచిన వార్డెన్‌గారు నన్ను ప్రక్కకు పిలిచి, “ఇంట్లో మీ నాన్నగారు కొడతారా?” అని మెల్లగా అడిగారు. ఈనాటి వరకు నా మీద గట్టిగా కేక కూడ వేయని మనిషి మా అబ్బా. అప్పుడు కూడ నిజం చెప్పలేదు. మెట్ల మీద పడ్డానన్నాను.

రెండవ సంవత్సరంలో ఒక రాత్రి బహిష్టు నొప్పితో ముడుచుకొని పడుకొని వుంటే, గదిలోని స్నేహితురాలు తన పెట్టెలో నుండి ఒక నొప్పిమాత్ర తీసి ఇచ్చింది. మెఫెనమిక్ ఆమ్లం. వసతిగృహంలో సగం మంది పెట్టెలలో వుండేదే. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్, మెఫెనమిక్ ఆమ్లం వంటివి వున్న కాసిని ఫలకికలను కూడ సరిగా పనిచేయనివ్వవు. మావంటి వారికి నొప్పికైనా జ్వరానికైనా పారాసెటమాల్ ఒక్కటే సాధారణంగా తగినది. ఆ సంగతి నాకు తెలుసు. కాని ఆ నొప్పిలో అది ఏ మాత్ర అని అడగలేదు. అడిగితే ఎందుకని అడుగుతుందేమోనన్న జంకు కూడ లేకపోలేదు. ఆ రోజు నా లెక్క 24 వేలు. రెండవ రాత్రికి స్నానాల గదిలో స్పృహ తప్పాను. హిమోగ్లోబిన్ 6కు దిగింది. రెండు యూనిట్ల నెత్తురు ఎక్కించి, రక్తస్రావం ఆగడానికి ట్రానెక్సమిక్ ఆమ్లం ఇచ్చారు. మూడవ దినం నా స్నేహితురాలు మంచం ప్రక్కన కూర్చుండి ఏడ్చింది. “ఒక్క మాట చెప్పలేదేమే! నా చేత్తో నేనే ఇచ్చానే!” అన్నది. ఆమె తప్పు ఏమున్నది? ఒక మాట చెప్పి వుంటే ఆ మాత్ర ఆమె పెట్టెలోనే వుండేది.

దాచిన కొద్దీ సలహాలు కూడ ఎక్కువవుతాయి. రోగం పేరు తెలియని వారు తమకు తోచినది చెబుతారు. బొప్పాయి ఆకు రసం ఎందరో చెప్పారు. చేదు భరించి కొన్నాళ్ళు త్రాగాను కూడ. ఐ.టి.పి.లో అది పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు. త్రాగితే నోరు చేదవుతుంది, అంతే. అసలు భయం మరొకచోట వున్నది. మా ఖాలా ఒకామె “రక్తం చెడింది, హిజామా చేయించు” అని పట్టుబట్టింది. సున్నత్‌గా భావించి హిజామా చేయించుకొనే వారి విశ్వాసాన్ని నేను ప్రశ్నించడం లేదు. కాని చర్మానికి గాట్లు పెట్టి నెత్తురు తీసే పని, నెత్తురు ఆగని ఒంటి మీద చేయతగునా? పట్టణంలో హిజామా కేంద్రాలు పెరుగుతున్నవి. నెత్తురు త్వరగా ఆగుతుందా, మచ్చలు లేస్తాయా అని ముందుగా అడిగి తెలుసుకొనే వాడుక ప్రతి కేంద్రంలో వుండవలెను. మగబిడ్డలకు సున్తీ చేయించే ముందు కూడ ఇదే ప్రశ్న అడగదగినది.

రమజాను విషయం కూడ ఇటువంటిదే. రోగికి ఉపవాసం నుండి మినహాయింపు ఖురానే ఇచ్చినది. తరువాత పూర్తి చేయవచ్చును. అయినా స్టిరాయిడు ఎక్కువ మోతాదులో వున్న సంవత్సరం పగటిపూట నీళ్ళు త్రాగుతుంటే మా ఇంటికి వచ్చిన ఒకామె చూచిన చూపు నాకింకా గుర్తున్నది. నిరుడు డాక్టరుగారి అనుమతితో రోజాలు వున్నాను. ఇఫ్తారుకు, సహరీకి మధ్య, రాత్రి 11 గంటలకు మాత్ర వేసుకొనేదాన్ని. పాల నియమానికి ఆ వేళ సరిగ్గా సరిపోయింది.

పెళ్ళి మాట వచ్చినది గనుక అది కూడ చెప్పివేస్తాను. ఐ.టి.పి. వున్న స్త్రీలు చాలామంది వైద్యుల పర్యవేక్షణలో క్షేమంగా తల్లులవుతున్నారు. గర్భధారణలో జాగ్రత్తలు వున్నాయి, పుట్టిన బిడ్డ ఫలకికలు కూడ కొన్ని దినాలు పరీక్షించవలసి వుంటుంది. ఇంతే. నికాహ్ ఇరువురి అంగీకారం మీద నిలిచేది. నిజం దాచి సంపాదించిన అంగీకారం పెళ్ళినాడు వుంటుందేమో గాని, మొదటి రక్తపరీక్ష నాడు వుండదు. ఈ ముక్క మా అమ్మతో అన్నప్పుడు ఆమె సమాధానం చెప్పలేదు, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కళాశాల సంఘం వారికి నా మనవి పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ప్రవేశ పత్రంలో ఆరోగ్య వివరాల గడి వున్నది. కాని అక్కడ వ్రాసినది ఎవరు చదువుతారో, ఎవరికి చెబుతారో విద్యార్థికి తెలియదు. అది ఒక్క అధ్యాపకుని వద్ద రహస్యంగా వుంటుందని తెలిస్తే నావంటి వారు నిజం వ్రాస్తారు. వసతిగృహం మందుల బీరువాలోని నొప్పిమాత్రలలో సగం మావంటి వారికి పనికిరానివి. అవి ఇచ్చే ముందు ఒక ప్రశ్న అడగాలని వార్డెన్‌గారికి చెప్పి వుంచవలెను. ముక్కు నుండి నెత్తురు కారితే తల వెనక్కి వంచి నీళ్ళు కుమ్మరించే పద్ధతి మన ఆటస్థలంలో ఇంకా పోలేదు. మనిషిని కూర్చుండబెట్టి, కొంచెం ముందుకు వంచి, ముక్కు మెత్తని భాగాన్ని పది పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కి పట్టవలెను. ఎన్.ఎస్.ఎస్. శిబిరంలో అరగంట చాలును, అందరికీ నేర్పవచ్చును. కబడ్డీ నాకు కుదరదు. నడక, షటిల్ కుదురుతాయని డాక్టరుగారు చెప్పారు. అయినా వ్యాయామ తరగతికి రాలేదని నా హాజరు కోసిన సంవత్సరం ఒకటి వున్నది. రక్తపరీక్ష దినాల హాజరు సంగతి కూడ పెద్దలు ఆలోచించగలరు. దాతల మాట అడుగుతారేమో. ఎక్కించిన ప్లేట్‌లెట్లు నాకు పెద్దగా పనికిరాకపోయినా, కాన్సరు చికిత్సలో వున్నవారికి ప్రాణాధారం. సేకరించినవి సుమారు అయిదు దినాలే నిలువ వుంటాయి. కావున మన విద్యార్థుల రక్తవర్గాల పట్టిక ఒకటి కార్యాలయంలో వుంటే పట్టణానికే ఉపకారం.

ఇప్పుడు నా సంచిలో ఒక చీటీ వుంటుంది: వ్యాధి పేరు, వాడే మందు, వాడకూడని మందులు, డాక్టరుగారి నంబరు. పళ్ళకు వేపపుల్ల, మిస్వాక్ మాని మెత్తని బ్రష్ వాడుతున్నాను. గదిలోని ముగ్గురికీ అన్నీ తెలుసు. పోయిన నెల లెక్క 46 వేలు. ఈ వ్యాసం క్రింద నా పేరు వేయమని సంపాదకుల వారిని కోరాలనుకొన్నాను. అమ్మ వద్దన్నది. రెండు దినాలు వాదించుకొన్నాము. ఈసారికి ఆమె మాటే నెగ్గింది, అందుచేత తరగతి మాత్రమే వ్రాస్తున్నాను. వ్రాతప్రతి మాత్రం ఆమె పూర్తిగా చదివింది. సబ్జా నీళ్ళు త్రాగింది నాలుగు దినాలు కాదు, ఆరు దినాలని దిద్దింది.

— తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థిని